పాటలో కనపడని ఏళ్ళు

తెలుగు సినిమాలో పిల్లవాడు వాద్యం నేర్చుకోవడానికి ఒక్క పాట చాలు. పల్లవిలో చిన్న వేళ్ళు తీగ మీద తడబడతాయి. మొదటి చరణంలో గురువుగారు కళ్ళెర్రజేస్తారు, తల్లి తలుపుచాటున కళ్ళొత్తుకుంటుంది. రెండో చరణం పూర్తయ్యేసరికి ఆ పిల్లవాడు కథానాయకుడై, నిండు సభలో కచేరీ ముగించి దండం పెడుతుంటాడు. నాలుగు నిమిషాల్లో పదిహేనేళ్ళు గడిచిపోతాయి. కథకు అంతకు మించి వ్యవధి ఉండదు గనక దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. అయితే ఆ పాటకు నిజంగా వయొలిన్ వాయించిన మనిషి ఒకరుంటారు. ఆయన పదిహేనేళ్ళు ఏ ఊళ్ళో, ఏ అరుగు మీద, ఎవరి ముందు కూచుని గడిపాడో ఎవరూ అడగరు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌ల నుంచి దేశమంతా వెళుతున్న పాట ఆ ఏళ్ళ మీదే నిలబడి ఉంది.

ఈ కొండల మీదికి సినిమా ఒక్కరోజులో రాలేదు. 1976లో పక్కనే బంజారాహిల్స్ రాళ్ళ మధ్య అన్నపూర్ణ స్టూడియో లేచింది. తరవాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. నటులు ఇళ్ళు కట్టుకున్నారు, ఫిలిం చాంబర్ వచ్చింది, కింద కృష్ణానగర్ ఇరుకు గదుల్లో జూనియర్ ఆర్టిస్టులూ లైట్‌మెన్లూ మేకప్ వాళ్ళూ కుదురుకున్నారు. ఇంతమంది వచ్చినా పాట మాత్రం చాలా ఏళ్ళు మద్రాసులోనే ఉండిపోయింది. షూటింగ్ ఇక్కడ, రికార్డింగ్ అక్కడ. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కెమెరాను లారీలో తేవచ్చు, ఫ్లోర్ కట్టడానికి కొన్ని నెలలు చాలు. వయొలిన్ వాయించే మనిషి తయారు కావడానికి మాత్రం ఒక బాల్యం పూర్తిగా కావాలి. అలాంటివాళ్ళు ముప్ఫై నలభై మంది ఒక ఊళ్ళో, పిలిస్తే పలికే దూరంలో ఉంటేనే ఆర్కెస్ట్రా. మద్రాసుకు ఆ బలగం సమకూరడానికి కొన్ని తరాలు పట్టింది. దాన్ని ఏ నిర్మాతా డబ్బిచ్చి తరలించలేకపోయాడు.

ఆ తెలుగు సంగీతకారుల ఊళ్ళు వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు చిన్న పట్టణాలే తగులుతాయి. సాలూరు దగ్గరి శివరామపురంలో సాలూరి రాజేశ్వరరావు గారింట్లో తండ్రి సన్యాసిరాజు మృదంగం వాయించేవారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారికి పక్కవాద్యం వాయించినవారాయన. ఆ ఇంటి పిల్లవాడు పెద్దయి ‘మల్లీశ్వరి’కి సంగీతం చేశాడు. ఆయన కొడుకు కోటి ఆ తరవాతి తరం తెలుగు పాటను నడిపించాడు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు అయిదేళ్ళకే వీణ ముందు కూచున్నాడు. కచేరీ విద్వాంసుడిగా లోకమంతా ఎరగడానికి ముందు ఆయన మద్రాసు సినిమా ఆర్కెస్ట్రాల్లో ఏళ్ళ తరబడి వీణ వాయించాడు. ఆనాటి పాటల్లో వీణ పలికిందంటే ఆ వేళ్ళు ఎవరివో టైటిల్స్‌లో దొరకదు. మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ తండ్రి వయొలిన్ విద్వాంసుడు. కొవ్వూరులో పుట్టిన కీరవాణి చేతికి చిన్ననాడే వయొలిన్ వచ్చింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్న చేయి అదే. తమన్ తండ్రి శివకుమార్ డ్రమ్స్ వాయించేవారు. కొడుకు చిన్నతనంలోనే ఆయన దూరమైతే, బడికి వెళ్ళాల్సిన వయసులోనే తమన్ డ్రమ్స్ ముందు కూచుని ‘భైరవద్వీపం’కు వాయించాడు.

పాలకొల్లు కథ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, ఆరేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న తండ్రి మాండొలిన్ అందుకున్నాడు. తండ్రి సత్యనారాయణ గారికి సంగీతం చెబుతున్న రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పసివాడి వేళ్ళు చూశారు, పాఠం తాను చెబుతానన్నారు. విశేషం ఏమిటంటే ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన గాత్ర విద్వాంసుడాయన. పాఠం పాడి వినిపించేవారు. గురువు గొంతులో విన్నది తీగ మీద ఏ మెట్టు దగ్గర, ఎంత నొక్కితే పలుకుతుందో పిల్లవాడే వెతుక్కోవాలి. ఆ వాద్యమా, మన సంగీతం కోసం పుట్టింది కాదు. గమకం రావాలంటే నాదం కాసేపు నిలవాలి. మాండొలిన్ మీద మీటిన మరుక్షణం నాదం అణిగిపోతుంది. శ్రీనివాస్ జంట తీగల స్థానంలో ఒంటి తీగలు వేయించుకుని, విద్యుత్ మాండొలిన్‌తో ఆ చిక్కు విప్పుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. ఆ తరవాత మద్రాసు సభలు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు.

మద్రాసులో శ్రీనివాస్ దగ్గర మాండొలిన్ నేర్చుకున్న పిల్లల్లో సినీ రచయిత సత్యమూర్తి గారి అబ్బాయి ఉన్నాడు. ఆ అబ్బాయే 1999లో ‘దేవి’ సినిమాతో సంగీత దర్శకుడైన దేవిశ్రీప్రసాద్. గోదావరి జిల్లాలో ఒక పెద్దాయన నోటితో పాడి చెప్పిన పాఠం ఒక పిల్లవాడి వేళ్ళలోకి, అతని నుంచి మరో పిల్లవాడి చెవిలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఫిలింనగర్ పాటలోకి వచ్చింది. సుబ్బరాజు గారి పేరు తెలియని ప్రేక్షకుడు కూడా ఆ పాఠం ఫలితాన్ని ఏదో ఒక థియేటర్లో విని ఈల వేసే ఉంటాడు.

ఈ జీవితాలను పక్కపక్కన పెట్టి చూసినవారు రక్తంలోనే ఉందనేస్తారు. మనవాళ్ళకు ఇష్టమైన మాట అది. సినిమా కుటుంబాల కొండ మీద మరీ ఇష్టమైన మాట. మా అభిప్రాయం వేరు. ఈ ఇళ్ళన్నిటిలోనూ ఉన్నది రక్తం కంటే తేలిగ్గా కంటికి ఆనేదే: పొద్దున్నే ఎవరో ఒకరు వాద్యం ముందు కూచునేవారు. పిల్లవాడు నిద్ర లేచేసరికి తండ్రి శ్రుతి చేసుకుంటూ ఉంటాడు. పాలు తాగుతూ విన్నది, ఆడుకుంటూ విన్నది, జ్వరమొచ్చి పడుకుని విన్నది అంతా చెవిలో చేరుతుంది. చేయి మొదలుపెట్టేనాటికి చెవి సగం పాఠం నేర్చుకుని ఉంటుంది. తప్పు స్వరం పడితే వంటింట్లో నుంచి ఎవరో సరిచేస్తారు. జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ గురువు ఈ సంగతి మీదే తన పద్ధతి మొత్తం కట్టాడు. జపాన్ పిల్లలందరూ జపనీస్ అంత తేలిగ్గా మాట్లాడగలుగుతున్నారంటే, పుట్టినప్పటి నుంచి వింటున్నారు గనకే. సంగీతం కూడా అలాగే ఎందుకు రాకూడదన్నాడు. ఆయన పద్ధతిలో పిల్లవాడి పక్కన తల్లో తండ్రో కూచుని పాఠం వినాలి, ఇంటి దగ్గర సాధకంలో తోడుండాలి. చాలాచోట్ల ముందుగా వయొలిన్ చేతికిచ్చేది ఆ తల్లికే.

ఇంతకూ పాటలో కత్తిరించిన ఆ ఏళ్ళలో ఏముంటుంది? చూసేవారికి పెద్దగా ఏమీ ఉండదు. మాయామాళవగౌళలో సరళి వరుసలు ఉంటాయి. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. మూడో కాలంలో వేలు జారితే మళ్ళీ మొదటికి. సరళి తరవాత జంట, జంట తరవాత అలంకారాలు, ఆపైన గీతం. వయొలిన్ నేర్చుకునే పిల్లవాడికి చేయి పొడవును బట్టి పావు సైజుదో అర సైజుదో ఇస్తారు. మన పద్ధతిలో కింద కూచుని, వాద్యం తలను కుడి మడమ దగ్గర ఆనించుకోవాలి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కమాను సూటిగా వెళ్ళదు, కీచుమంటుంది. ఆ కీచు ఒకటి రెండు వారాల్లో పోయేది కాదు, ఒక్కోసారి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. వయొలిన్‌కు మెట్లు ఉండవు గనక స్వరస్థానం చూపే గుర్తంటూ ఏదీ లేదు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేది చెవి ఒక్కటే. వీణ నేర్చుకునేవారికి ఇరవై నాలుగు మెట్లు ఉన్నాయి గాని, తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు చూపుడువేలు, నడిమివేలు కోసుకుపోతాయి. చర్మం పగిలి, మానుతూ, మళ్ళీ పగులుతూ చివరికి కాయ కాస్తుంది. కాయ కాసేదాకా నొప్పి తప్పదు. బిరడ తిప్పి శ్రుతి చేసుకోవడం కూడా తన చేతికి వచ్చేదాకా గురువు కోసం ఎదురుచూడాల్సిందే.

విద్వాంసులు దీన్ని అసుర సాధకం అంటారు. ఆ రోజుల గురించి వారు చెప్పేటప్పుడు కష్టం కంటే ఇంకో విషయం ఎక్కువగా వినిపిస్తుంది. ఒకరోజు ఉన్నట్టుండి చేయి తేలికపడుతుంది. నిన్నటిదాకా లెక్కపెట్టి వాయించిన వరుస ఇవాళ లెక్కలేకుండా దానంతటదే నడుస్తుంది. గదిలో ఎవరూ ఉండరు. చప్పట్లు లేవు. ఆ పిల్లవాడు మాత్రం దాన్ని మళ్ళీ వాయించుకుంటాడు, మళ్ళీ మళ్ళీ వాయించుకుంటాడు. వాద్యం మనిషికి తనదయ్యేది ఆ ఘడియలోనే. అది ఏ నెలలో వస్తుందో గురువు కూడా చెప్పలేడు. అందుకే ఆ ఘడియ వచ్చేదాకా పిల్లవాణ్ణి ఆ చాప మీద కూచోబెట్టగలిగిన ఓపిక ఇంట్లో ఎవరో ఒకరికి ఉండి తీరాలి.

అలాంటి ఇల్లు దొరకని పిల్లల సంగతి ఏమిటన్నది సహజమైన ప్రశ్న. తెలుగునాట దానికి వందేళ్ళ కిందటే ఒక జవాబు దొరికింది. విజయనగరం మహారాజు కొలువులో ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం మీద మనసుందని తెలిసి, వాడు నేర్చుకోవడానికి ఒక చోటు ఉండాలని మహారాజు 1919లో సంగీత కళాశాల పెట్టించారని ఆ ఊళ్ళో ఈనాటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ ఆచార్యుడిగా వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఆయనకూ చిన్నప్పటి నుంచి చూపు మందం, ఆ కారణంగానే బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ పట్టుకున్నారు. శిష్యుడిగా చేరదామని విజయనగరం వెళ్ళిన ఇరవై ఆరేళ్ళ యువకుణ్ణి, ఆయన వాయించింది విని, ఆచార్యుడిగా కూచోబెట్టారన్నది ఆ కళాశాల చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టం. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ కళాశాలకు ఘంటసాల వచ్చాడు. ఇళ్ళ ముందు నిలబడి మధుకరం ఎత్తుకుంటూ చదువుకున్నాడు. నేదునూరి కృష్ణమూర్తి గారు అక్కడ వయొలిన్, గాత్రం నేర్చుకున్నారు. పి.సుశీల అక్కడే చదివారు. ఒక్క చూపులేని పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి తెలుగు సినిమా పాటకు సగం ప్రాణం వచ్చింది. ఇంట్లో తంబురా లేని పిల్లలకు, తండ్రి వయొలిన్ విద్వాంసుడు కాని పిల్లలకు, ఆ కళాశాల ఆ ఇంటి పని చేసింది. పొద్దున్నే ఎవరో ఒకరు వాయిస్తూ ఉండే చోటు అది. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా పరవాలేదు, ఇది గుర్తుంటే సంతోషం.

ఇక ఇవాళ్టి జూబ్లీహిల్స్ సాయంత్రాలకు వద్దాం. చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ వైపు వెళుతుంటే గిటారు సంచి భుజాన వేసుకున్న పిల్లలు, కారు వెనకసీట్లో నిలువుగా పెట్టిన కీబోర్డులు కనిపిస్తాయి. ఇది సంతోషించాల్సిన మార్పే. ఇంగ్లండ్ సంస్థల గ్రేడ్ పరీక్షలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా, హైదరాబాద్‌లోనే రాయొచ్చు. రాంకోఠిలో 1952 నుంచి ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళుగా వీణ, వయొలిన్, మృదంగం నేర్పుతూనే ఉంది. మంచి గురువులు ఉన్నారు, మంచి వాద్యాలు దొరుకుతున్నాయి. కొరత ఇంకోచోట ఉంది. గురువుగారి గంట అయిపోయాక వాద్యం సంచిలోకి వెళ్ళి, మళ్ళీ వారానికి గాని బయటికి రావడం లేదు. సోమవారం ఈత, మంగళవారం చదరంగం, బుధవారం కోడింగ్, గురువారం గిటారు. నేర్పేవారికి తల్లిదండ్రుల నుంచి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: పాట ఎప్పుడు వాయిస్తాడండీ? పక్కింటి పాప మూడు నెలలకే సినిమా పాట వాయించింది, వీడియో తీసి పెట్టారు. సరళి వరుసలు వీడియోకు పనికిరావు. దాంతో గురువులు కూడా రెండు స్వరాలు రాగానే పాట మొదలుపెడుతున్నారు. ఆ పాట వస్తుంది, దానితో పాటే ఇంకో పాట వస్తుంది. కొన్నాళ్ళకు చేయి అక్కడే ఆగిపోతుంది, తొమ్మిదో తరగతి వస్తుంది, ఐఐటీ పునాది కోర్సు వస్తుంది, గిటారు గోడకు చేరుతుంది.

ఆ తల్లిదండ్రులను నిందించడం మా ఉద్దేశం కాదు. పొద్దున ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవారికి పక్కన కూచునే తీరిక ఎక్కడిది? అయినా ఒక్క మాట అడగాలనిపిస్తుంది. వాయించడం రాకపోయినా వినడం అందరికీ వచ్చు. రాత్రి భోజనానికి ముందు పావుగంట ఫోను పక్కన పెట్టి, ఈవేళ ఏం నేర్చుకున్నావు, ఏదీ వాయించు అంటే, ఆ పిల్ల పావుగంట వాయిస్తుంది. కీచుమన్నా వినాలి, ముఖం చిట్లించకుండా వినాలి. సుజుకి చెప్పింది ఇంచుమించు అదే. పాలకొల్లులోనూ మచిలీపట్నంలోనూ జరిగింది ఆ పని ఇంకాస్త పెద్దయెత్తున.

సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయన్న ప్రచారం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1993లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపించి ఒకరకం పరీక్ష పెడితే, కాసేపు కొంచెం మెరుగ్గా చేశారు. అంతే జరిగింది. దాన్ని పట్టుకుని పసిపిల్లల సీడీల వ్యాపారం నడిచింది. అంతకంటే గట్టి పరిశోధన 1995లో వచ్చింది. ఏడేళ్ళలోపే వాద్యం మొదలుపెట్టిన సంగీతకారుల మెదడులో, కుడి ఎడమ భాగాలను కలిపే నాడుల కట్ట ముందు భాగం మిగిలినవారి కంటే పెద్దదిగా ఉందని అందులో తేలింది. రెండు చేతులూ రెండు వేరువేరు పనులు చేస్తూ ఒకే లయలో నడవాలంటే మెదడు అలా సర్దుకోవడం సబబుగానే తోస్తుంది. అయినా లెక్కల మార్కుల కోసం వయొలిన్ నేర్పకండి. లెక్కల కోసం లెక్కలే నేర్పండి. వయొలిన్ ఇచ్చేది వేరే ఉంది. తనకు తానుగా గంటసేపు ఒకే పనిలో మునిగి ఉండగలగడం, తప్పును తన చెవితో తానే పట్టుకోవడం, పక్కవాడి లయ విని తన లయ సర్దుకోవడం, ఇవి ఏ మార్కుల జాబితాలోనూ ఉండవు. జీవితాంతం ఉంటాయి.

అమ్మాయిల గురించి ఒక పాత బాధ చెప్పకపోతే ఈ మాట అసంపూర్ణం. రెండు తరాల కిందట మధ్యతరగతి ఇళ్ళలో వీణ నేర్చుకోని ఆడపిల్ల తక్కువ. సినిమాల్లో కూడా పెళ్ళిచూపులంటే వీణ ఉండాల్సిందే. పెళ్ళయ్యాక ఆ వీణ అత్తవారింటికి వెళ్ళేది, ఒక పండగకో పేరంటానికో పలికేది, తరవాత తీగలు తుప్పుపట్టి అటకెక్కేది. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వేళ్ళు కోసుకుని నేర్చుకున్న విద్య అది. చదువుకున్న చదువును దాచిపెట్టమంటే ఒప్పుకోని ఇళ్ళు, ఈ చదువును మాత్రం ఎంత తేలిగ్గా అటకెక్కించాయి! సినిమా ఆర్కెస్ట్రాల పాత ఫోటోలు చూస్తే వరుసల నిండా మగవారే. అటక దాకా వెళ్ళనివ్వనివారూ ఉన్నారు. విజయనగరం అమ్మాయి అవసరాల కన్యాకుమారి వయొలిన్ పట్టుకుని ఎం.ఎల్.వసంతకుమారి గారి పక్కన ఏళ్ళ తరబడి వాయించి, 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. ఇవాళ గిటారు, డ్రమ్స్ నేర్చుకుంటున్న ఆడపిల్లలు జూబ్లీహిల్స్‌లో చాలామందే కనిపిస్తున్నారు. వారి వాద్యాలు పెళ్ళితో ఆగకూడదని మనసారా కోరుకుంటున్నాం.

కీబోర్డు, గిటారు మనవి కావనే పెద్దలు కొందరున్నారు. వారికి వినయంగా చెప్పాల్సింది ఏమిటంటే, వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మనసుపడి నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. హార్మోనియం అలాగే వచ్చింది, మాండొలిన్ అలాగే వచ్చింది. చిన్నప్పటి నుంచి ఒక వాద్యంతో పెరిగిన పిల్లలు ఉంటే చాలు, అది ఆ ఊరి వాద్యం అయిపోతుంది. కంప్యూటర్ మీద మీట నొక్కితే ఇరవై వయొలిన్లు పలికే రోజుల్లో ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి కూడా సమాధానం ఇక్కడే ఉంది. ఆ మీటలు నొక్కి గొప్ప పాటలు చేస్తున్నవారి చిన్నతనాలు పైన చెప్పుకున్నాం. ఏ స్వరం తరవాత ఏది రావాలో వాళ్ళకు చెప్పింది ఆ చిన్నతనమే.

కొండ దిగితే బస్తీలు. ఫిలింనగర్ వెనక రాళ్ళ వాలున, ఇరుకు మెట్ల మీద వేలమంది ఉంటున్నారు. పెద్ద ఇళ్ళలో పని చేసేవారు, డ్రైవర్లు, సెట్టు మేస్త్రీలు, ఆటోవాళ్ళు. బోనాల రోజు అక్కడ పదేళ్ళ పిల్లవాడు డప్పు అందుకుంటే చూడాలి. ఎవరూ తాళం నేర్పలేదు. అన్న కొడుతుంటే విన్నాడు, మేనమామ కొడుతుంటే విన్నాడు. మర్ఫా దరువు, తీన్‌మార్ అతని కాళ్ళలో ఉంటాయి. శివరామపురం ఇంట్లో మృదంగం చేసిన పనే ఇక్కడ డప్పు చేస్తోంది. తేడా అల్లా, ఆ పిల్లవాడికి వేరే వాద్యం చూపించేవారు లేరు. వాడు రోజూ బడికి వెళ్ళేది సినిమా ఆఫీసుల ముందు నుంచే.

వెనిజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రెయు అనే ఆయన కారకాస్‌లో ఒక కార్ల గారేజీలో పదకొండు మంది పిల్లలతో ఆర్కెస్ట్రా మొదలుపెట్టాడు. పేద పిల్లలకు వాద్యం ఉచితంగా ఇచ్చి, మొదటి రోజు నుంచీ అందరినీ కలిపి వాయించేట్టు చేశాడు. ఆ పద్ధతి దేశమంతా పాకి లక్షలమందికి చేరింది. అందులో పెరిగిన గుస్తావో దుదమెల్ 2009లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ సంగీత సారథి అయ్యాడు. గారేజీలో జరిగిన పని స్టూడియోలున్న కొండ మీద జరగలేదంటే కారణం డబ్బు కాదని అందరికీ తెలుసు.

ఇక్కడ కావలసినవన్నీ విడివిడిగా ఉన్నాయి. సాయంత్రాలు ఖాళీగా ఉండే హాళ్ళు ఈ కొండ మీద వెతికితే దొరకకపోవు. ప్రభుత్వ పాఠశాలల్లో నాలుగు దాటాక గదులన్నీ ఖాళీయే. కీబోర్డులు వచ్చాక సెషన్లు తగ్గి ఇంటిపట్టున ఉంటున్న వయొలిన్, తబలా, వేణువు కళాకారులు యూసఫ్‌గూడ, కృష్ణానగర్ వీధుల్లో ఉన్నారు. వారికి నెలకింత జీతం ఇస్తే సంతోషంగా నేర్పుతారు. పిల్లలు పెద్దయి అమెరికా వెళ్ళిపోతే గోడలకు మిగిలిన గిటార్లు, అటకల మీది వీణలు జూబ్లీహిల్స్ ఇళ్ళలో ఎన్నో! పుస్తకాలకు గ్రంథాలయం ఉన్నట్టే వాద్యాలకూ ఒకటి పెట్టి, పిల్లవాడు చేయి ఎదిగేకొద్దీ పావు సైజు ఇచ్చి అర సైజు తీసుకునే ఏర్పాటు చేయవచ్చు. ఫిలిం చాంబర్, సంగీత దర్శకులు, స్టూడియోల యజమానులు కలిసి కూచుంటే ఇది ఒక సినిమా ఆడియో వేడుక ఖర్చు మించదు. ఒక్కటే షరతు పెట్టుకోవాలి. మొదటి మూడేళ్ళు ఆ పిల్లలను ఏ వేదికా ఎక్కించకూడదు, ఏ వార్షికోత్సవానికీ పాట అడగకూడదు. సరళి, జంట, అలంకారాలు, రోజూ గంట, పక్కన వినే ఒక పెద్ద మనిషి. వచ్చే జూన్‌లో బడులు తెరిచే రోజున ఒక్క గదిలో ఇరవై మందితో మొదలుపెట్టినా చాలు.